చేపల ఓడ సబ్‌మెరైన్‌ను ఏం చేయగలదు?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నౌకాదళం ‘ఐల్స్’ తరగతి ట్రాలర్లను (చేపల ఓడ నమూనాలో కట్టిన చిన్న యుద్ధనౌకలు) వందకు పైగా కట్టిందని చదివాను. వాటి వేగం గంటకు 12 నాటికల్ మైళ్లే. జర్మన్ సబ్‌మెరైన్ నీటిపైన 17 మైళ్లు పోయేది. మరి వెంటాడి పట్టుకోలేని ఓడలను అన్ని ఎందుకు కట్టారు సార్?
– ఒక డిగ్రీ విద్యార్థిని, నర్సంపేట

జవాబు: మంచి ప్రశ్న బిడ్డా. నువ్వు చెప్పిన 17 మైళ్లు నీటిపైన, డీజిల్ ఇంజన్ల మీద. మునిగాక ఆ కాలపు సబ్‌మెరైన్‌కు బ్యాటరీలే దిక్కు. అప్పుడు గట్టిగా పోతే ఏడున్నర మైళ్లు, అదీ కాసేపే. బ్యాటరీ అయిపోతుందన్న టెన్షన్‌తో ఎక్కువసేపు రెండు మూడు మైళ్ల వేగంతోనే పాకేది. ట్రాలర్‌ను చూసి సబ్‌మెరైన్ నీటి కిందికి వెళ్లిందంటే చాలు, ట్రాలర్ కాపలాలో వెళ్లే సరుకు ఓడల వరుస దాన్ని దాటి వెళ్లిపోతుంది. ఎన్ని సబ్‌మెరైన్లను ముంచిందని మాత్రమే లెక్కగట్టి ఈ ఓడలను తక్కువ చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. రేవు చేరిన సరుకు ఓడలనూ లెక్కపెట్టాలి కదా!

నేను నేవీలో సోనార్ ఆపరేటర్‌గా పనిచేసి హనుమకొండలో స్థిరపడ్డవాణ్ని. అప్పట్లో సోనార్‌ను ‘ఆస్డిక్’ అనేవారు. ఓడ అడుగు నుంచి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వని వినాలి. చేపల గుంపు, మునిగిపోయిన పాత ఓడ, తిమింగలం, అన్నీ బదులిస్తాయి. ఎదురొస్తున్న వస్తువు ప్రతిధ్వని కాస్త సన్నగా, దూరమవుతున్నదాని ప్రతిధ్వని కాస్త బొంగురుగా వస్తుంది. ఆ తేడా చెవికి పట్టుబడడానికి చాలా కాలం పడుతుంది. మరీ దగ్గరికి వెళితే సబ్‌మెరైన్ శబ్దపు కిరణం కిందికి జారిపోయి ప్రతిధ్వని ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే, అంచనా మీద, ఓడ వెనక నుంచి డెప్త్ చార్జీలు (నీటిలో నిర్ణీత లోతున పేలే బాంబులు) వదలాలి. తక్కువ లోతులో పేలేలా పెడితే, నెమ్మదిగా నడిచే ట్రాలర్ తన వెనక భాగానికే దెబ్బ తెచ్చుకునే ప్రమాదం ఉండేది. ఆ మనుషుల ధైర్యం అక్కడ తెలుస్తుంది.

వాళ్లలో చాలామంది జాలర్లే. పాకాల చెరువులో ఎక్కడ మొద్దు ఉందో అక్కడి జాలరికి తెలిసినట్టు, వాళ్లకు ఉత్తర సముద్రాలు తెలుసు. ఐల్స్ ఓడలను నేవీయే కట్టించినా నమూనా చేపల ఓడదే: 545 టన్నులు, 50 మీటర్ల పొడవు, నలభై మంది సిబ్బంది, మామూలు ఆవిరి ఇంజన్. చిన్న షిప్‌యార్డులు కూడా కట్టగలిగాయి.

ట్రాలర్ ఏం చేయగలదో చూడాలంటే ‘మూన్‌స్టోన్’ కథ చాలు. అది ఐల్స్ తరగతిది కాదు, నేవీ తీసుకున్న చేపల ఓడ. 1940 జూన్ 19న ఏడెన్ దగ్గర ఇటలీ సబ్‌మెరైన్ ‘గెలీలియో గెలీలీ’ని ఆస్డిక్‌తో పసిగట్టి డెప్త్ చార్జీలు వేసింది. సబ్‌మెరైన్ పైకి తేలి ఫిరంగులతో పోరాటానికి దిగింది. ట్రాలర్‌కున్నది ఒక్క నాలుగంగుళాల ఫిరంగి. దాని గుండ్లు తగిలి సబ్‌మెరైన్ కమాండర్ చనిపోయాడు, మిగిలినవాళ్లు లొంగిపోయారు. పట్టుబడ్డ సబ్‌మెరైన్‌ను ఏడెన్‌కు లాక్కొచ్చారు.

అందరికీ అలా కలిసిరాలేదు. 1942లో అమెరికా తీరాన్ని కాపాడడానికి బ్రిటన్ పంపిన 24 ట్రాలర్లలో ‘బెడ్‌ఫర్డ్‌షైర్’ ఒకటి. మే 11న జర్మన్ సబ్‌మెరైన్ యూ-558 టార్పెడోకు మునిగింది. ఓడలో ఉన్న ఒక్కరూ బతకలేదు. ఒక్రకోక్ దీవికి కొట్టుకొచ్చిన నలుగురి సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి.

విశాఖ వెళితే బీచ్‌లోని ‘కురుసురా’ మ్యూజియం లోపలికి వెళ్లు బిడ్డా. యుద్ధం తర్వాతి కాలానిదే అయినా అదీ డీజిల్, బ్యాటరీల సబ్‌మెరైనే. బ్యాటరీలు ఎక్కడుండేవో గైడ్‌ను అడుగు.

ప్రశ్న: మన దేశంలోనూ ఇలాంటి ట్రాలర్లు ఉండేవా? నిజాంకు వీటితో సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ఉండేవి. యుద్ధకాలంలో ‘బాసెట్’ తరగతి ట్రాలర్లు మన దగ్గరే కట్టారు. కలకత్తా, లాహోర్, అమృత్‌సర్, నాసిక్ వంటి పేర్లు పెట్టారు. వాటిలో ‘బేరార్’ ఒకటి. బేరార్ అంటే నిజాం యువరాజు బిరుదులో ఉన్న ప్రాంతమే. నిజాం పేరు పెట్టుకున్నది మాత్రం ట్రాలర్ కాదు, 1941లో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరిన డిస్ట్రాయర్ (వేగంగా పోయే యుద్ధనౌక) ‘నిజాం’. బ్రిటన్‌కు ‘హైదరాబాద్’ అనే కార్వెట్ (చిన్న కాపలా యుద్ధనౌక) కూడా ఉండేది. దాని పనీ సబ్‌మెరైన్ల వేటే.