ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన జూనిపర్ బతికి ఉన్నట్టు కాదు

ప్రశ్న: ఐదు నెలల క్రితం బెంగళూరులోని ఒక నర్సరీలో జూనిపర్ (ఏడాది పొడవునా పచ్చగా ఉండే, సూదుల్లాంటి సన్న ఆకుల చెట్టు) బోన్సాయ్ కొని, మా హాల్లో టీవీ పక్కన పెట్టాను. రోజూ పొద్దున గ్లాసుడు నీళ్లు పోస్తున్నాను. నెల రోజులుగా ఆకు రంగు వెలిసి, ముట్టుకుంటే గరుకుగా తగులుతోంది. బోన్సాయ్ పెంచడం నాకు ఇదే మొదలు. ఏం చేయాలి?
– మిద్దెతోట రైతు, హైదరాబాద్

జవాబు: ముందుగా మొక్కలో ప్రాణం ఉందో లేదో తేల్చుకోండి. వేరు చచ్చిపోయిన తరవాత కూడా జూనిపర్ ఆకు కొన్ని వారాలపాటు పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి, రంగును నమ్మి నిర్ణయానికి రావద్దు. కాండం మీద ఒకచోట, రెండు మూడు కొమ్మల మొదళ్లలో బెరడును గోటితో కొద్దిగా గీరి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆశ ఉంది.

ఆశ ఉంటే వెంటనే చేయవలసింది దాన్ని ఇంట్లోనుంచి బయటికి తీసుకురావడం. జూనిపర్ ఆరుబయట పెరిగే చెట్టు. చిన్న కుండీలో ఒదిగినంత మాత్రాన దానికి కావలసిన ఎండ, గాలి తగ్గవు, చలికాలపు విశ్రాంతి కూడా తప్పదు. బోన్సాయ్‌గా ఎక్కువగా అమ్ముడుపోయే నేలబారు రకం జపాన్ తీరప్రాంతానిది. మీ మొక్క నెలల తరబడి నీడలో ఉంది కనుక ఒక్కసారిగా ఎండలో పెట్టకుండా, మొదట ఉదయపు ఎండ తగిలేచోట ఉంచి, వారం పది రోజుల్లో క్రమంగా ఎండ పెంచండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం పూట షేడ్‌నెట్ నీడ అవసరం.

ఇక నీళ్ల సంగతి. రోజుకొక గ్లాసు అన్న లెక్క వల్ల మీ మొక్కకు చాలా నష్టం జరిగి ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే వెలుతురు లేనిచోట మొక్క నీటిని వాడుకోలేదు, ఆ తడి నిలిచి వేరు కుళ్లిపోతుంది. మట్టిలోకి వేలు ఒక అంగుళం దించి చూడండి. పై పొర ఆరుముఖం పట్టినప్పుడే, అడుగు రంధ్రాల్లోనుంచి కారేదాకా నిండుగా పోయండి. మండు వేసవిలో ఇది రోజూ కావచ్చు, ముసురు రోజుల్లో అసలు అక్కర్లేకపోవచ్చు. కుండీపైన రాళ్లను జిగురుతో అతికించి ఉంటే తప్పకుండా తీసేయండి, అవి నీటిని లోపలికి దిగనివ్వవు.

గరుకుదనానికి ఆకు రసం పీల్చే ఎర్రనల్లి అనే సూక్ష్మమైన పురుగు కూడా కారణం కావచ్చు. తెల్లకాగితం మీద కొమ్మను తట్టి చూడండి. కదిలే చుక్కలు కనబడితే ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

కోలుకునేదాకా ఎరువు, కత్తిరింపు, కొమ్మలను వంచడానికి లోహపు తీగ చుట్టడం ఏవీ వద్దు. కుండీ మార్పిడిని వచ్చే జనవరి, ఫిబ్రవరి వరకు ఆపి, అప్పుడు కూడా వేళ్లలో మూడో వంతుకు మించి తీయకుండా, ముతక ఇసుక, జల్లించిన ఇటుక ముక్కలు ఎక్కువగా ఉండి నీరు నిలవని మిశ్రమంలో నాటండి. తరవాత కత్తిరించేటప్పుడు ఒక జాగ్రత్త: ఏ కొమ్మనైనా ఆకు లేకుండా బోడిచేస్తే, అది సాధారణంగా మళ్లీ చిగురించదు.

గీరిన ప్రతిచోటా ఎండిన గోధుమరంగే కనబడితే మొక్క పోయినట్టే. అలాంటప్పుడు వెంటనే మరో జూనిపర్ కొనకండి. మన వేడికి తట్టుకుని, కత్తిరించిన చోటల్లా చిగురించే మర్రి, రావి మొక్కలతో ఒకటి రెండేళ్లు చెయ్యి తిప్పుకున్నాక, మళ్లీ దీని జోలికి రండి.