నష్టమా, నష్టపరిహారమా?

సందేహం: రోడ్డు ప్రమాదాల కేసుల మీద ఒక వ్యాసంలో 'గాయపడిన వ్యక్తికి నష్టపరిహారాన్ని తగ్గించుకునే బాధ్యత ఉంది' అని చదివాను. దెబ్బ తిన్న మనిషి తనకు రావలసిన డబ్బును తానే ఎందుకు తగ్గించుకోవాలి? 'నష్ట నివారణ' అంటే సరిపోతుందా?

సమాధానం: మీ అనుమానం సబబే. ఆ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, అర్థమే తలకిందులైంది. ఇంగ్లీషులో 'డ్యామేజ్' అంటే నష్టం. 'డ్యామేజెస్' అంటే కోర్టు ఇప్పించే సొమ్ము. మీరు చదివిన వాక్యానికి మూలం 'మిటిగేషన్ ఆఫ్ డ్యామేజెస్' అన్న న్యాయ పదం. మిటిగేషన్ అంటే తగ్గించడం. అక్కడ తగ్గవలసింది నష్టం, కానీ అనువాదకుడు సొమ్మునే పట్టుకున్నాడు. అతణ్ని పూర్తిగా తప్పుపట్టలేం, ఆ ఇంగ్లీషు మాటే కాస్త వదులుగా ఉంది. తెలుగుకు ఆ చిక్కు లేదు. పరిహారం అంటే తొలగించడం. పాపపరిహారం, దోషపరిహారం అంటున్నాం కదా. ఆ లెక్కన 'నష్టపరిహారాన్ని తగ్గించుకోవడం' అంటే పోయిన నష్టాన్ని సగం వెనక్కి పిలుచుకోవడమే!

అసలు సంగతి ఇది. లారీ గుద్ది కాలు విరిగిన మనిషి, డాక్టరు చెప్పిన ఫిజియోథెరపీ ఏ కారణమూ లేకుండా మానేశాడు. మోకాలు బిగుసుకుపోయింది. అలా పెరిగిన నష్టాన్ని కూడా లారీ యజమాని మీద వేయలేడు. ఆ మేరకు కోర్టు కోత పెట్టవచ్చు. అలాగని వీరోచితంగా ఏమీ చేయనక్కరలేదు, ఆ స్థితిలో మామూలు మనిషి చేసేది చేస్తే చాలు. ప్రాణాపాయం ఉన్న ఆపరేషనుకు ఒప్పుకోలేదని అతణ్ని తప్పుపట్టరు. నిర్లక్ష్యం చేశాడని రుజువు చేయవలసినదీ ఎదుటి పక్షమే. హెల్మెట్ పెట్టుకోకపోవడాన్ని దీనితో కలపకండి: అది దెబ్బకు ముందటి అజాగ్రత్త, ఇది దెబ్బ తగిలిన తరువాతి కథ.

అందుకే 'నివారణ' కుదరదు. నివారణ అంటే రాకుండా ఆపడం. ఇక్కడ దెబ్బ తగలనే తగిలింది. 'ఉపశమనం' నొప్పికి పనికొస్తుంది, లెక్కల్లో తేలే నష్టానికి నప్పదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది 'బాధ్యత'. బాధితుడు, బాధ్యుడు రెండూ 'బాధ్' ధాతువు నుంచే వచ్చాయి. హిందీలో 'బాధ్య' అంటే తప్పనిసరి స్థితిలో ఉన్న మనిషి. మనకు బాధ్యుడంటే జవాబుదారీ. కోర్టు వార్తల్లోనైతే తప్పు చేసి డబ్బు కట్టవలసినవాడు. 'బాధితుడి బాధ్యత' అనగానే ప్రమాదంలో అతని తప్పు కూడా ఉందేమో అనిపిస్తుంది. నిజానికి అతను ఎవరికీ ఏమీ బాకీ లేడు. చికిత్స మానేశాడని అతని మీద ఎవరూ దావా వేయలేరు. రావలసిన సొమ్ములో కొంత పోగొట్టుకుంటాడు, అంతే. ఒప్పందాలకు సంబంధించినదే అయినా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణలోనూ 'డ్యూటీ' అన్న మాట లేదు. నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు, దాన్ని సరిదిద్దుకునే మార్గాలు ఉన్నాయా అన్నదీ చూడాలని మాత్రమే ఉంది.

నేనైతే 'గాయపడిన వ్యక్తి తన నష్టం పెరగకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలి' అని రాస్తాను. శీర్షికకు పొట్టిమాట కావాలంటే 'నష్టాన్ని తగ్గించుకోవడం' చాలు. ఇందులో 'కొను' కీలకం: 'వండాడు'కూ 'వండుకున్నాడు'కూ ఉన్న తేడాయే 'తగ్గించడం', 'తగ్గించుకోవడం' మధ్యా ఉంది. పరిహారాన్ని తగ్గించేది కోర్టు, నష్టాన్ని తగ్గించుకునేది బాధితుడు. 'గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాడు' అన్న మన సామెతలో ఉన్నదీ ఈ 'కొను'వే.