రాజకాలువ పక్కన స్థలం: కొనేముందు, కొన్నాక

ప్రశ్న: బెంగళూరులో హొరమావు వైపు 30x40 అడుగుల సైటు చూశాం. రాజకాలువ (చెరువుల మధ్య వాననీరు పారే కాలువ) గట్టు నుంచి సైటు హద్దు సరిగ్గా 40 మీటర్లు. ఖాతా ఉంది, పన్ను రసీదులున్నాయి, బ్యాంకు కూడా లోను ఇస్తానంటోంది. అడ్వాన్సు ఇవ్వవచ్చా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ఖాతా అంటే పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో రాసుకున్న పద్దు, అంతే. ఆ నేల మెరకో పల్లమో అందులో ఉండదు. బ్యాంకు లాయరు హక్కుపత్రాలు చూస్తారు గానీ నీటి దారి చూడరు. మీరు చూడాల్సింది రెవెన్యూ శాఖ గ్రామ నక్షా. ఊరి చెరువులు, వాటిని కలిపే కాలువలు, బండిదారులు అందులో గీసి ఉంటాయి.

బెంగళూరులో పెద్ద నది లేదు. ఊరు మిట్ట మీద ఉంది. వాననీరు హెబ్బాళ, కోరమంగళ-చల్లఘట్ట, వృషభావతి లోయల్లోకి దిగుతుంది. పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. ఆ దారే రాజకాలువ. మీ హొరమావు హెబ్బాళ లోయలో దిగువన ఉంది. నాగవార వైపు నుంచి వచ్చే నీరు కల్కెరె, రాంపుర చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలో కలుస్తుంది. (మన నెల్లూరు పెన్న ఉత్తర పినాకిని. రెండూ నంది కొండల ప్రాంతంలోనే పుట్టాయి.) అంటే పైనున్న పేటలన్నిటి వానా మీ సైటు వెనక నుంచే పోవాలి.

సైటులో నిలబడి ఫోనులో దిశాంక్ యాప్ తెరవండి. మీరున్న చోటి సర్వే నంబరు చూపిస్తుంది. ఆ నంబరుతో పహణీ (రెవెన్యూ శాఖ భూమి పత్రం) తీసి ఖరాబు గడి చూడండి. 'ఎ' ఖరాబు అంటే రాతినేల లాంటి సాగుకు పనికిరాని భూమి. 'బి' ఖరాబు అంటే దారి, వాగు, చెరువు లాంటి ప్రజల భూమి. మన ఊళ్లలో చెరువు శిఖం ఎలాగో ఇదీ అలాగే, ఎవరూ అమ్మడానికి లేదు. సైటు అందులో పడితే బేరం అక్కడితో ఆపేయండి. యాప్‌లో గీత కొన్ని మీటర్లు అటూఇటూ జరగవచ్చు కాబట్టి దాన్నే నమ్ముకుని డబ్బు కట్టవద్దు. సర్వే శాఖకు హద్దుబస్తు (హద్దులు కొలిచి గుర్తించడం) కోసం అర్జీ పెట్టించి రాళ్లు పాతించుకోండి. ఆ పని అమ్మేవాళ్ల ఖర్చుతో జరగాలని అగ్రిమెంటులో రాయించండి.

ఇక బఫర్, అంటే కాలువ, చెరువుల పక్కన కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా సంగతి. 2015 మాస్టర్ ప్లాన్ ప్రకారం పెద్ద రాజకాలువకు 50 మీటర్లు, రెండో రకానికి 25, మూడో రకానికి 15, చెరువుకు దాని హద్దు నుంచి 30 మీటర్లు. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వీటిలో చాలావాటిని పెంచింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టేసింది. 2031 కోసం వేసిన మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ప్రభుత్వం 2020లో వెనక్కి తీసుకుంది. ఈ అంకెలను మార్చాలన్న ప్రయత్నాలు ఆగలేదు కాబట్టి, మీ సర్వే నంబరుకు ఈ రోజు ఏది వర్తిస్తుందో ప్రణాళికా సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట పనికిరాదు.

చాలామంది పొరపడేది కొలతలో. కాలువ బఫర్‌ను గట్టు నుంచి కాదు, కాలువ నడిమధ్య నుంచి కొలుస్తారు. మీ వెనకది పెద్ద రకమై, వెడల్పు 10 మీటర్లు అనుకుందాం. నడిమి నుంచి గట్టుకు 5, గట్టు నుంచి మీ హద్దుకు 40, మొత్తం 45. అంటే సైటులో ఇంకా 5 మీటర్లు బఫర్‌లోనే ఉంది. 40 అడుగుల పొడవంటే 12.2 మీటర్లు. అందులో 5 పోగా మిగిలే 7.2 మీటర్లలోనే చుట్టూ వదలాల్సిన జాగాలూ వదలాలి. ప్లాను మంజూరుకు వెళ్లినప్పుడు ఇల్లు సగమైపోతుంది.

ఇంకొక మెలిక ఉంది. లేఅవుట్ వేసేటప్పుడు వంకర కాలువను తిన్నగా తిప్పేసిన చోట్లు ఎన్నో. నేల మీద 2 మీటర్ల సిమెంటు కాలువ కనిపిస్తుంది, నక్షాలో 10 మీటర్లది వేరే చోట ఉంటుంది. లెక్కకు వచ్చేది నక్షాలోది. కూల్చివేత నోటీసు వచ్చినా దాన్ని బట్టే వస్తుంది.

ప్రశ్న: సర్జాపుర రోడ్డు వైపు మా లేఅవుట్ గట్టి వాన పడ్డప్పుడల్లా మునుగుతోంది. ప్రతిసారీ పూడిక తీయమని అడుగుతున్నాం, తీస్తున్నారు, మళ్లీ మునుగుతోంది. సంఘం తరఫున ఇంకేం అడగాలి?

జవాబు: పూడిక తీయడం అవసరమే, కానీ మీ జబ్బు బహుశా కల్వర్టులో ఉంది. టేపు తీసుకుని కాలువ వెంట దిగువకు నడవండి. 6 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు కాలువకు నీరు పోయే జాగా 12 చదరపు మీటర్లు. అదే కాలువ రోడ్డు కింద 900 మిల్లీమీటర్ల పైపులు రెండింటిలోంచి పోతుంటే అక్కడి జాగా 1.27 చదరపు మీటర్లు. అంటే తొమ్మిదో వంతు చాలు అనుకున్నారన్నమాట. దానికి అడ్డంగా ఒక మురుగు పైపో కేబుళ్ల కట్టో ఉంటే ప్లాస్టిక్ అక్కడే చిక్కుకుని అదీ మూసుకుపోతుంది. పైపులు తీసి కాలువ వెడల్పుకు సరిపడా బాక్సు కల్వర్టు కట్టాలని, అడ్డు పైపులను కింది నుంచో పై నుంచో మళ్లించాలని అర్జీలో అంకెలతో రాయండి.

ఊరు పెరిగితే నీరెందుకు పెరుగుతుందో ఇంజనీర్లు వాడే చిన్న లెక్కతోనే చూపవచ్చు. 10 హెక్టార్ల పొలం మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో పదింట మూడు పాళ్లు పారుతుందనుకుంటే సెకనుకు 0.5 ఘనపు మీటర్లు. అక్కడే ఇళ్లు, రోడ్లు వచ్చి ఎనిమిది పాళ్లు పారితే 1.33. పొలాల కాలంనాటి కాలువ దీన్ని మోయలేదు.

మా దృష్టిలో ఎవరూ గట్టిగా అడగనిది చెరువు సంగతి. ఎగువ చెరువు మురుగునీటితో ఏడాదంతా నిండి ఉంటే వానకు చోటేదీ? వచ్చిన ప్రతి చుక్కా అలుగు దూకి మీ మీదికే వస్తుంది. చాలా చెరువులకు సుందరీకరణ పేరుతో నడకదారి వేశారు గానీ తూము మూసేశారు. తూముకు గేటు పెట్టించి, వానలకు ముందే నీరు దించమని అడగండి. 20 ఎకరాల చెరువులో 1 మీటరు దించితే సుమారు 8 కోట్ల లీటర్లకు చోటు దొరుకుతుంది. 60 మిల్లీమీటర్ల వానలో కట్టడాలతో నిండిన 415 ఎకరాల నుంచి పారే నీరంతా అందులో పడుతుంది. దించేది మెల్లగా, దిగువవాళ్లకు చెప్పి దించాలి.

పూడిక విషయంలో రెండే షరతులు పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లోనే బెంగళూరులో ఉరుముల వానలు పడతాయి కాబట్టి మార్చిలోగా తీయాలి. తీసిన మట్టిని ఆ రోజే లారీలో తరలించాలి. గట్టున పోస్తే మొదటి వానకే అది మళ్లీ కాలువలో ఉంటుంది.

అర్జీకి మునిగిన తేదీ, గంట, గేటు దగ్గర ఎన్ని అంగుళాలు నిలిచిందో కొలబద్దతో తీసిన ఫొటో, గ్రామ నక్షా ప్రతి, ఆ రోజు దగ్గరి వానమాపకం చూపిన అంకె జత చేయండి. రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం నగరంలో చాలా చోట్ల వానను కొలుస్తోంది. 2025 సెప్టెంబరు నుంచి నగరం ఐదు కార్పొరేషన్లయింది. కాలువకు ఎగువ ఒకరిది, దిగువ ఇంకొకరిది కావచ్చు. రెండు చోట్లా ఒకే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రశ్న: మా వీధి చివర కాలువ గట్టున అనంతపురం, కర్నూలు నుంచి వచ్చిన కూలీల రేకుల షెడ్లున్నాయి. నీళ్లు ఆగడానికి వాళ్లే కారణమని, ఖాళీ చేయించాలని కొందరంటున్నారు. సబబేనా?

జవాబు: ముందు కల్వర్టు కొలవండి. షెడ్లు కాలువ గట్టున ఉంటే నీరు ముందు చేరేది వాళ్ల ఇళ్లలోకే, అడ్డు మాత్రం మరోచోట ఉంటుంది. అక్కడ ఉండటం వాళ్లకు ప్రమాదం, నిజమే. అందుకే మార్చాలి, కానీ పనికి నడిచిపోగల దూరంలో చోటు చూపించాకే. ఆ చోటును కర్ణాటక మురికివాడల చట్టం (1973) కింద మురికివాడగా ప్రకటిస్తే మురికివాడల అభివృద్ధి మండలి ద్వారా ఇళ్లు అడగడానికి దారి దొరుకుతుంది. అందుకు ఇంటింటి జాబితా కావాలి, తెలుగు వచ్చిన మీరే అది రాసిపెట్టగలరు. ఈలోగా కల్వర్టు గోడ మీద, గట్టుకు 2 అడుగుల కింద ఎర్రగీత గీయండి. నీరు గీత తాకితే పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని సంఘం హాలుకు రావాలి. హాలు తాళంచెవి ఒకటి రాత్రిపూట వాళ్ల దగ్గరే ఉండాలి.

ప్రశ్న: ఇల్లు ఇప్పటికే కట్టేశాం. సైటంతా మట్టి పోసి 3 అడుగులు లేపితే సరిపోతుందా?

జవాబు: సైటు లేపితే ఆ నీరు పక్కింటికి పోతుంది. దానికి బదులు, సంపు మూతకు 1.5 అడుగుల గట్టు కట్టి రబ్బరు బిగించండి. కరెంటు మీటరు, పంపు స్విచ్చు పాత నీటి గుర్తుకు 2 అడుగుల పైన పెట్టండి. మీ చివరి చాంబరుకు, వీధి మ్యాన్‌హోలుకు మధ్య మురుగు వెనక్కి ఎదురు రాకుండా ఆపే వాల్వు వేయండి. లేకపోతే నీరు వీధిలోంచి కాక బాత్రూములోంచి వస్తుంది. ఇంకుడు బావి మాత్రం ముంపు నేలలో వద్దు. 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు బావి 4,000 లీటర్లు పడుతుంది, కానీ అక్కడ భూజలం ఇప్పటికే పైన ఉంటుంది, పైగా మురుగు నేరుగా అందులోకి దిగుతుంది. కప్పు మీది నీటిని ట్యాంకులో పట్టి వాడుకోండి.