సన్నబడ్డాక పాలసీ ఆపేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. గుంటూరులో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్‌లో బరువు తగ్గే ఆపరేషన్ (స్లీవ్) చేయించుకున్నాను. 112 కిలోల నుంచి 81కి వచ్చాను. బీపీ మాత్ర ఆగిపోయింది, షుగర్‌కు ఒక్కటే వేసుకుంటున్నాను. బిల్లు 4,60,000 అయితే ఆఫీసు గ్రూప్ పాలసీ 2,60,000 ఇచ్చింది. మిగతాది పర్సనల్ లోన్ తీసుకున్నాం. 16 శాతం వడ్డీ, మూడేళ్లు, నెలకు 7,030. క్రెడిట్ కార్డు మీద 68,000 బాకీ ఉంది, మినిమమ్ కడుతున్నాను. నా జీతం, మావారి షాపు ఆదాయం కలిపి 76,000. అద్దె, బాబు స్కూలు, ఇంటి ఖర్చులు 48,000. ప్రొటీన్ పౌడర్, విటమిన్లు, రక్తపరీక్షలకు నెలకు సగటున 4,500 అవుతోంది. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 3,000. అందులో ఇప్పటికి 1,10,000 ఉంది. బ్యాంకులో 22,000. పొట్ట దగ్గర చర్మం బాగా వేలాడుతోంది. ఒక క్లినిక్‌లో అడిగితే అది తీసే ఆపరేషన్‌కు 2,80,000 అన్నారు, రెండేళ్ల సున్నా వడ్డీ ఈఎంఐ ఇప్పిస్తామంటున్నారు. మాకు మూడేళ్ల క్రితం తీసుకున్న 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ) కూడా ఉంది. పాత జబ్బులకు, ఈ ఆపరేషన్‌కు మూడేళ్ల వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని గడువు) ఉండటంతో అప్పుడు వాడుకోలేకపోయాం. వచ్చే నెల ప్రీమియం 24,000 కట్టాలి. ఆఫీసు పాలసీ ఎలాగూ ఉంది, ఆరోగ్యం కూడా బాగైంది కాబట్టి ఇది ఆపేసి ఆ డబ్బు ఈఎంఐకి వాడుకోవచ్చా?

జవాబు: ముందుగా మీకు అభినందనలు. 112లో 31 కిలోలంటే సుమారు 28 శాతం. స్లీవ్ తర్వాత ఏడాది గడిచేసరికి మొత్తం బరువులో పాతిక నుంచి ముప్పై శాతం దాకా తగ్గడం మామూలు. మీరు ఎనిమిది నెలలకే అక్కడికి వచ్చారు. మొదటి వారాలు నీళ్ల మీద, జావ మీద గడిపి, ఒక్కో ముద్ద కొలుచుకుని తింటూ, ఉద్యోగం మానకుండా ఇది సాధించడం చిన్న విషయం కాదు.

కానీ మీరు రాసిన లెక్క చూస్తే నాకు భయం వేసింది. ఇది మీ ఒక్కరి పొరపాటైతే విడిగా జవాబు రాసి ఊరుకునేవాణ్ని. పెద్ద ఆపరేషన్ అయిన ప్రతి ఇంట్లోనూ ఇదే చూస్తున్నాను. డిశ్చార్జి రోజు కట్టిన బిల్లుతో ఖర్చు అయిపోయిందనుకుంటారు. గుండెకు స్టెంట్ వేసినా, మోకాలు మార్చినా, కడుపు కుదించినా అంతే. మీ ఆపరేషన్‌లో అయితే అసలు ఖర్చు ఇంటికొచ్చాకే మొదలవుతుంది, అందులో ఎక్కువ భాగం మామూలు పాలసీలు ఇవ్వవు.

మీ నెల లెక్క ఒకసారి నాతో పాటు వేయండి. 48,000 ఇంటి ఖర్చు, 7,030 ఈఎంఐ, 4,500 మందులు, పరీక్షలు. సుమారు 59,500. సిప్ 3,000, కార్డు మినిమమ్ 3,400 పోతే చేతిలో మిగిలేది 10,100. క్లినిక్ ఈఎంఐ నెలకు దాదాపు 11,700. సరిపోదు. అందుకే ప్రీమియం మీద కన్ను పడింది. అది ఆపితే నెలకు 2,000 కలిసొస్తుంది, అప్పుడు ఈఎంఐ పోను 400 రూపాయలు మిగులుతాయి. అమ్మా, పిల్లాడితో సంసారం చేసే ఇల్లు నెలాఖరుకు 400 రూపాయలతో, బ్యాంకులో 22,000తో నిలబడగలదా? బాబుకు నాలుగు రోజులు జ్వరం వస్తే చాలు, మళ్లీ కార్డు గీకాల్సిందే.

మీరు అడగని ప్రశ్న అదే. మీకు అత్యవసర నిధి లేదు. 22,000 అంటే పదకొండు రోజుల ఖర్చు. ఈ ఆపరేషన్ అయినవాళ్లకు నిధి ఎందుకు మరీ అవసరమో చెబుతాను.

బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. అందుకే చాలామంది డాక్టర్లు మొదటి ఆరు నెలలు దానికి మాత్ర రాస్తారు. స్లీవ్ తర్వాత కొందరికి ఛాతీలో మంట ముదిరి, మందులకు లొంగక, మళ్లీ గ్యాస్ట్రిక్ బైపాస్‌గా (కడుపును పేగుకు వేరే దారిలో కలిపే ఆపరేషన్) మార్చాల్సి వస్తుంది. అందరికీ వస్తుందని కాదు. మీకూ రాకూడదనే కోరుకుంటున్నాను. వస్తే మాత్రం ఆసుపత్రి బిల్లు పాలసీ కడుతుంది, మీరు సెలవు పెట్టిన నెల జీతం ఎవరూ కట్టరు. మావారి షాపు అని రాశారు. మీ పక్కన ఆసుపత్రిలో కూర్చుంటే ఆ షాపు షట్టర్ దించాల్సిందేగా.

ఇక రోజువారీ ఖర్చు. బి12, ఐరన్, విటమిన్ డి, కాల్షియం ఇక జీవితాంతం వేసుకోవాల్సినవి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ లోపలికి వెళ్లాలి. పిడికెడు అన్నం పట్టే కడుపులోకి అది పప్పుతో, గుడ్లతో మాత్రమే పంపడం ఎంత కష్టమో మీకు తెలుసు. రక్తపరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా. డాక్టర్ చీటీ లేకుండా కొనగలిగే విటమిన్లు, పోషక పదార్థాలు ఆరోగ్య పాలసీల్లో మినహాయింపుల జాబితాలోనే ఉన్నాయి. ఆసుపత్రిలో చేరిన క్లెయిమ్‌లో భాగంగా డాక్టర్ రాస్తేనే వస్తాయి. డిశ్చార్జి తర్వాతి ఖర్చులకిచ్చే గడువు మీకు ఎప్పుడో దాటిపోయింది. అంటే ఈ 4,500 మీ జేబులోంచే పోతుంది. చేతిలో డబ్బు లేని నెల మనవాళ్లు మొదట ఆపేది సరిగ్గా వీటినే. ‘ఇప్పుడు బాగానే ఉన్నాగా, ఈ నెల బి12 వద్దులే’ అంటారు. బి12 లోపం ఆ నెల కనిపించదు. కాళ్లు తిమ్మిర్లెక్కి, నడక తడబడేసరికి చాలా ఆలస్యమైపోతుంది. మా బంధువుల్లో ఒకాయన సరిగ్గా ఇలాగే, రెండో ఏడాది షాపు నడవక మాత్రలు మానేశారు. తర్వాత ఇంజెక్షన్లకు, స్కానింగులకు పెట్టిన డబ్బుతో నాలుగేళ్ల మాత్రలు వచ్చేవి. ఆ డబ్బు కూడా వారం వడ్డీకి తెచ్చారు. అప్పటి నుంచి ఈ ఆపరేషన్ గురించి అడగడానికి వచ్చేవాళ్లను, బిల్లుకు డబ్బుందా అని కాదు, బిల్లు కట్టాక ఏం మిగులుతుందని అడుగుతున్నాను.

పాలసీ సంగతి. వచ్చే నెలకు మీ ఫ్లోటర్‌కు మూడేళ్లు నిండుతాయి. మూడేళ్లు ప్రీమియం కట్టి, వెయిటింగ్ అనే గోడ దాటి, షుగర్‌కు, బీపీకి, వాటితో వచ్చే చిక్కులకు కవరేజీ మొదలయ్యే నెలలో దాన్ని వదిలేస్తానంటున్నారు! పొలం దున్ని, నాటు వేసి, కోతకొచ్చాక వదిలేసి పోవడం కాదూ ఇది? షుగర్ మాత్ర ఒకటికి తగ్గింది నిజమే, కానీ అది వెనక్కి రాదని ఏ డాక్టరూ హామీ ఇవ్వడు. ఇప్పుడు వదిలేసి రేపు కొత్త పాలసీకి వెళితే ప్రపోజల్ ఫారంలో ఈ ఆపరేషన్, పాత షుగర్, బీపీ అన్నీ రాయాలి. ఇస్తే మళ్లీ మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అసలు ఇవ్వకనూ పోవచ్చు. దాచిపెట్టి తీసుకుంటే క్లెయిమ్ రోజున పోతుంది. ఇంకో మాట. ఐదేళ్లు తెగకుండా కొనసాగిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, ‘మీరు ఫలానాది చెప్పలేదు’ అని కంపెనీ క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. మీకింక రెండేళ్లే ఉంది.

ఆఫీసు పాలసీ ఆఫీసు ఉన్నంతకాలమే. ఉద్యోగం పోయినా, మీరే మానేసినా, కంపెనీ ఖర్చు తగ్గించుకుందామనుకున్నా మీ చేతిలో ఏమీ లేదు. దాన్ని అదనంగా చూడండి, ఆధారంగా కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ తీసేశారు కాబట్టి మీకు వచ్చిన 24,000 నోటీసులో పన్ను ఏమైనా కలిపారేమో కూడా చూసుకోండి.

(ఈ ఆపరేషన్‌కు పాలసీ రాదని చాలామంది అనుకుంటారు. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 40 లేదా ఆపైన ఉన్నా, 35 ఉండి అదుపులో లేని షుగర్, గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటివి ఉండి మామూలు పద్ధతులు పనిచేయకపోయినా, డాక్టర్ సలహా మీద పెద్దవాళ్లకు చేసేదాన్ని ఊబకాయం మినహాయింపు కింద తోసిపుచ్చకూడదు. వెయిటింగ్ మాత్రం చూసుకోవాలి. ఆలోచనలో ఉన్నవాళ్లు ముందే తమ పాలసీ కాగితం తీసి చదవండి.)

ఇప్పుడు ఆ 2,80,000. మీ బాధను నేను తేలిక చేయను. చర్మం వేలాడితే కింద ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, వేసుకున్న బట్ట ఇబ్బందిగా ఉంటుంది, ఇంత కష్టపడ్డాక అద్దంలో చూసుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ ఆపరేషన్ మీరు కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ మీకు ఎనిమిదో నెలే. స్లీవ్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా బరువు కదులుతూనే ఉంటుంది. ఇంకో ఏడెనిమిది కిలోలు తగ్గాక చర్మం మళ్లీ సాగితే ఏం చేస్తారు? బరువు కొన్ని నెలల పాటు ఒకే చోట నిలిచాక రమ్మని చెప్పే సర్జన్ దగ్గరికే వెళ్లండి. ఎనిమిదో నెలలో డేటు ఇచ్చి, ఈఎంఐ కాగితం కూడా వాళ్లే ముందు పెట్టే చోటుకు వద్దు. చర్మం ఆపరేషన్ సాధారణంగా సౌందర్య చికిత్స కింద పాలసీలో రాదు. పుండ్లు, ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తుంటే ప్రతిసారీ డాక్టర్‌కు చూపించి చీటీలు, ఫొటోలు దాచండి. వైద్యపరంగా అవసరమని డాక్టర్ రాసివ్వగలిగితే అప్పుడు కంపెనీని అడిగే దారి ఉంటుంది.

సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ధరలోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో దాక్కుంటుంది. అదే క్లినిక్‌లో ‘మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు?’ అని అడగండి. వాళ్లు తగ్గించే మొత్తమే మీ వడ్డీ.

కార్డు గురించి రాయాలంటేనే చెయ్యి వణుకుతోంది. నెలకు మూడున్నర శాతం అంటే మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీతో నాలుగు రూపాయలు దాటింది. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి ఇస్తానంటే మీ ఇంటి గడప ఎక్కనిస్తారా? 68,000 మీద నెలకు వడ్డీ, పన్ను కలిపి సుమారు 2,800. మీరు కట్టే 3,400లో అసలుకు పోయేది 600 కూడా లేదు. అకౌంట్స్ చూసే మీరు ఈ లెక్క ఇన్ని నెలలు ఎలా చూడలేదో నాకు అర్థం కావడం లేదు.

కాబట్టి చేయాల్సింది ఇది. ఈ వారమే సిప్ ఆపండి, అందులోని 1,10,000 తీసేయండి. ఏడాది లోపు యూనిట్ల మీద కొంచెం ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు పడే కోత) పడితే పడనివ్వండి. 68,000తో కార్డు బాకీ తీర్చి, కార్డును బీరువాలో పెట్టండి. మిగిలిన 42,000, బ్యాంకులోని 22,000 కలిపి 64,000. దానిలోంచి ప్రీమియం 24,000 కట్టండి. నిధిలో 40,000 నిలుస్తుంది. ఇక సిప్, కార్డు లేవు కాబట్టి నెలకు 16,500 మిగలాలి. జీతం పడిన రోజే దాన్ని వేరే ఖాతాకు పంపండి, నెలాఖరు దాకా ఆగితే మిగలదు. పన్నెండు నెలలకు 2,38,000. అంటే మీ ఇంటికి సరిగ్గా నాలుగు నెలల ఖర్చు. అప్పటికి మీ ఆపరేషన్‌కు ఇరవై నెలలు నిండుతాయి, బరువు ఒక చోటికి వస్తుంది. చర్మం ఆపరేషన్‌కు డబ్బు కూడబెట్టడం ఆ తర్వాతి నెల నుంచి. ఈ నిధిలోంచి దానికి ఒక్క రూపాయి తీయొద్దు.

సిప్ ఆపమన్నానని కొందరు సలహాదారులు నాతో గొడవపడతారు. మార్కెట్ దీర్ఘకాలంలో సగటున ఇచ్చేది పన్నెండు, పదిహేను శాతం అనుకున్నా సరే. అటు కార్డుకు నలభై పైన కడుతూ ఇటు సిప్ నడపడం నావకు చిల్లు పెట్టుకుని తెడ్డు వేయడమే.

మీ కార్డు బిల్లులో బట్టలు కూడా ఉన్నాయనుకుంటాను. బరువు నిలిచేదాకా కొత్తవి కొనకండి. చీరలకు ఇబ్బంది లేదు, జాకెట్లు, డ్రెస్సులు టైలర్ దగ్గర లోపలికి కుట్టించుకోండి. ఉంగరాలు, గాజులు వదులైపోయి ఉంటాయి. మార్చి కొత్తవి తీసుకోమంటారు షాపువాళ్లు. తరుగు, మజూరీ రెండుసార్లు పోతాయి, ఉంగరం సైజు తగ్గిస్తే చాలు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి ఉంటుంది, ఎక్కువమందికి మళ్లీ వస్తుంది. డాక్టర్ చెప్పకుండా నూనెలకు, సీరమ్‌లకు వేలు పోయకండి.

పర్సనల్ లోన్ ముందే తీర్చే ఆలోచన నిధి నిండాకే. పీఎఫ్‌లో వైద్యానికి అడ్వాన్స్ దొరుకుతుంది, చివరి దారిగా గుర్తుంచుకోండి. టర్మ్ పాలసీ (చనిపోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే తీసుకోవాలి. ఆపరేషన్ అయిన కొత్తలో కంపెనీలు కొన్నాళ్లు ఆగమనొచ్చు, మీ బరువు నిలిచాక అడగండి, ఈలోగా మీవారి పేరు మీద తీసుకోండి.

ప్రీమియం గడువు తేదీ వచ్చే నెల ఏ రోజో మీ ఉత్తరంలో లేదు. దానికి వారం ముందే కట్టేయండి. గ్రేస్ పీరియడ్ (గడువు దాటాక కట్టడానికిచ్చే అదనపు రోజులు) ఉందిగా అని ఆగొద్దు, ఏడాది ప్రీమియం కట్టే పాలసీలో ఆ ఖాళీ రోజుల్లో ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాకపోవచ్చు. కట్టిన రసీదు, మీ ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ ఒకే ఫైలులో పెట్టి, అది ఎక్కడుందో మీవారికి చూపించండి.