చీడపీడల కొత్త శాస్త్రం చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది ఒడిశా రాయగడ జిల్లాలో గుణుపూర్ దగ్గర పల్లె. పత్తి, మొక్కజొన్న వేస్తాం. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ బయాలజీతో చదువుతోంది. పత్తిలో గులాబీ పురుగునీ మొక్కజొన్నలో కత్తెర పురుగునీ జీన్ ఎడిటింగుతో ఆపే చదువు చదువుతానంటోంది. బీఎస్సీ బయోటెక్నాలజీలో చేర్చమంటారా? ఆంధ్రాకు పంపితే మంచిదా?

జవాబు: బయోటెక్నాలజీ వద్దండీ, ఇప్పుడే వద్దు. నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ చదివించి, ఎమ్మెస్సీలో కీటకశాస్త్రం గానీ మొక్కల తెగుళ్ల శాస్త్రం గానీ తీసుకోమనండి. జీన్ల పని ఆ తర్వాత ల్యాబులో నేర్చుకోవచ్చు. ముందు బయోటెక్ చేసి తర్వాత ఇటు రావాలంటే వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కీటకశాస్త్రం సీటుకు సాధారణంగా అర్హతే ఉండదు.

బయటి నుంచి వచ్చిన పురుగును ఆపడంలో సగం పని అది ఏ పురుగో తేల్చడమే. కత్తెర పురుగు మన దేశంలో 2018లో కర్ణాటకలో బయటపడింది. ఎదిగిన పురుగైతే తల మీద తిరగేసిన ‘వై’ గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు చుక్కలు చూసి పోల్చుకోవచ్చు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగుకు అవి సరిగా కనబడవు. అక్కడే డీఎన్ఏ బార్‌కోడింగ్ అవసరమవుతుంది: సీఓఐ అనే జీన్‌లో సుమారు 650 అక్షరాల ముక్కను చదివి, తెలిసిన జాతుల పట్టికతో సరిపోలుస్తారు. అయితే ఆ పట్టికలోకి మొదట ఎవరో పురుగును కంటితో చూసి సరైన పేరు పెట్టి ఎక్కించి ఉండాలి. ఆ పేరు తప్పైతే యంత్రం కూడా తప్పే చెబుతుంది. అందుకే కీటకాలను గుర్తుపట్టడం వచ్చి, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కను లెక్కలేనన్ని నకళ్లుగా పెంచే ల్యాబు పద్ధతి) కూడా చేయగల మనిషికి విలువ.

పొలం దగ్గరే చేయగల డీఎన్ఏ పరీక్ష ల్యాంప్. ఇదీ పీసీఆర్ లాగే డీఎన్ఏను పెంచి చూస్తుంది. 60–65 డిగ్రీల వేడి ఒకే తీరుగా ఉంటే చాలు, గంటలోపు ఫలితం వస్తుంది. చిక్కల్లా, పరీక్ష అయ్యాక ట్యూబు మూత తీస్తే అందులో కోట్లకొద్దీ పెరిగిన డీఎన్ఏ గదంతా పరుచుకుంటుంది. మర్నాటి నుంచి ఏ నమూనా పెట్టినా ‘ఉంది’ అనే వస్తుంది. నమూనా లేకుండా నీళ్లు మాత్రమే పోసిన ట్యూబు ఒకటి పక్కన పెట్టి, దానికీ ‘ఉంది’ అని వస్తే ఆ రోజు ఫలితాలన్నీ పారేయాల్సిందే.

గులాబీ పురుగును అమెరికా 2018లో తమ పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించినట్టు ప్రకటించింది. ఒక్క ఉపాయంతో కాదు. బీటీ పత్తి, లింగాకర్షక ఎరలు (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించేవి), రేడియేషన్‌తో గొడ్డుబోయేలా చేసిన రెక్కల పురుగులను విమానాల నుంచి వదలడం, పంట అయ్యాక మోళ్లు దున్నేయడం, అన్నీ ప్రాంతమంతా ఒకేసారి చేశారు. అక్కడ పురుగు బీటీకి అలవాటు పడలేదు. ఇక్కడ రెండు జీన్ల బీటీకీ తట్టుకుంటోంది. పైగా ఒకరు డిసెంబరులో పత్తి తీసేస్తే పక్క చేనువాళ్లు మార్చి దాకా ఉంచుతారు. గొడ్డు పురుగులను ఎన్ని వదిలినా ఆ కష్టం మీద పక్క చేను నీళ్లు పోస్తుంది. ఇలాంటి లెక్క వేయగలిగేవాళ్లు అగ్రికల్చర్ చదివినవాళ్లే. ఇక పత్రికల్లో వచ్చే జీన్ డ్రైవ్ (మార్చిన జీన్ దాదాపు పిల్లలన్నిటికీ చేరి జాతంతా పాకేలా చేసే పద్ధతి), దాన్ని ఇంతవరకూ ఎక్కడా ఆరుబయట వదల్లేదు. దాని మీద ఉద్యోగం ఆశించకండి.

ఉద్యోగాలు ఎక్కువగా నిఘా, క్వారంటైన్, జీవనియంత్రణల్లో (పురుగును దాని సహజ శత్రువులతో అదుపు చేయడం) ఉంటాయి. బొప్పాయి పిండినల్లిని అదుపు చేసిన పరాన్నజీవి కందిరీగను 2010లో విదేశం నుంచి తెప్పించి వదిలింది బెంగళూరులోని ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కీటక వనరుల సంస్థ. వదిలే ముందు అది మన మేలు కీటకాల జోలికి పోదని క్వారంటైన్ ల్యాబులో తేల్చాలి. ఓపిక కావలసిన పని. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ శిక్షణలు ఇస్తుంది.

సీటు సంగతి. చదువంతా ఒడిశాలోనే సాగింది కాబట్టి, పార్వతీపురం ఎంత దగ్గరైనా ఆంధ్రాలో లోకల్ కింద లెక్క వేయరు. ఒడిశా నివాస ధ్రువపత్రంతో భువనేశ్వర్ ఓయూఏటీ (ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం) ప్రవేశ పరీక్ష రాయించండి, దాంతోపాటు ఐకార్ జాతీయ కోటా కోసం సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష కూడా. సీయూఈటీలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ ఎంచుకోవాలి. పేపరు తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతుంది. మార్కులు రాగానే సీటు రాదు, ఐకార్ కౌన్సెలింగుకు విడిగా నమోదు చేసుకోవాలి. చాలామంది జారిపోయేది ఇక్కడే. ప్రైవేటు కాలేజీ అయితే ఐకార్ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టే ముందే చూడండి, లేకపోతే పీజీ దగ్గర ఇబ్బంది.

ఈలోగా మీ పత్తి చేలోనే పని మొదలుపెట్టమనండి. ఎకరాకు రెండు లింగాకర్షక బుట్టలు, మొక్క కొనకు అడుగు ఎత్తులో. గులాబీ పురుగు ఎరే అడిగి కొనండి, శనగపచ్చ పురుగు ఎరకు ఇది పడదు. ఎరను చేత్తో ముట్టుకోకుండా పెట్టి, మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే చర్య తీసుకోవాల్సిన స్థాయి దాటినట్టు. గుడ్డిపూలు (పురుగు చేరి విచ్చుకోకుండా ముడుచుకుపోయినవి) నూటికి పది కనబడినా అంతే. తెలియని పురుగు దొరికితే ఫార్మలిన్‌లో వేయొద్దు, డీఎన్ఏ పాడవుతుంది. 95 శాతం ఇథనాల్‌లో వేసి, తేదీ, ఊరు, పంట పెన్సిలుతో రాసిన చీటీ సీసా లోపలే ఉంచాలి. సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.