ఏడు ఆల్బమ్‌లు తేలితే కార్డు బాకీ తీరుతుంది

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నల్లగొండలో ఉంటూ పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. ఏడాదికి సుమారు 11 లక్షలు వస్తాయి. అసిస్టెంట్లు, డ్రోన్ ఆపరేటర్, ప్రయాణాలు, ఆల్బమ్‌ల ఖర్చు పోను ఆరున్నర లక్షలు మిగలాలి, కానీ చేతిలో ఏమీ ఉండటం లేదు. నాకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, తొందరపాటు ఉండే మానసిక స్థితి) ఉందని నిరుడు హైదరాబాద్‌లో సైకియాట్రిస్టు చెప్పారు. మందులు వాడుతున్నాను. క్రెడిట్ కార్డు బాకీ లక్షా 60 వేలు, వడ్డీ నెలకు 3.5 శాతం. ప్రతినెలా కనీస మొత్తమే కడుతున్నాను. పక్షుల ఫొటోల కోసం కొన్న పెద్ద లెన్సుకు నెలకు 8,500 చొప్పున ఇంకా తొమ్మిది వాయిదాలున్నాయి. దాన్ని పట్టుకుని నాగార్జునసాగర్ వెళ్లింది రెండుసార్లే. పాత ఫిల్ము కెమెరాలు, ఎండలో నీలిరంగు ప్రింట్లు వేసే సయనోటైప్ సామాను ఇంటినిండా ఉన్నాయి. ఏడు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఇంకా ఇవ్వలేదు. ఒక్కొక్కరి నుంచి 40 వేల వరకు రావాలి. రెండేళ్లుగా ఆదాయపన్ను రిటర్న్ వేయలేదు. బ్యాంకులో 45 వేలు ఉన్నాయి. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. హాబీ సామానంతా అమ్మేయమంటోంది. నేను పర్సనల్ లోన్ తీసుకుని కార్డు కట్టేసి, నెలకు పదివేలతో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెడదామనుకుంటున్నాను. బావమరిది 5 లక్షల చీటీలో చేరమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఉత్తరంలో అప్పు గురించి వివరంగా రాశారు, హాబీల గురించి కాస్త సిగ్గుపడుతూ రాశారు. అసలు విషయాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. ఏడు ఆల్బమ్‌లు, ఒక్కోదానికి 40 వేలు అంటే మీకు రావలసింది 2 లక్షల 80 వేలు. డిజైన్, ప్రింటింగ్, బైండింగ్ కలిపి ఆల్బమ్‌కు 15 వేలు అనుకుందాం. లక్షా 5 వేలు ఖర్చు పోయినా లక్షా 75 వేలు మిగులుతాయి. మీ కార్డు బాకీ లక్షా 60 వేలు. పడాల్సిన కష్టమంతా పడి సంపాదించిన సొమ్ము హార్డ్ డిస్కుల్లో కూర్చుని ఉంటే, మీరు అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కుతానంటున్నారు.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని గానీ, తలంబ్రాలను గానీ మీరు ఏనాడూ వదిలేసి ఉండరు. ఆ క్షణం ఎవరి కోసమూ ఆగదు, కళ్లముందే జరుగుతుంది, మీ మనసు పూర్తిగా దానిమీదే ఉంటుంది. ఆల్బమ్‌కు ముహూర్తం లేదు. నాలుగువేల ఫొటోల్లోంచి నూటయాభై ఏరడం ఈరోజు కాకపోతే రేపు చేయొచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ఇలాంటి పనే కొండంత అవుతుంది: ఫలితం దూరంగా ఉంటుంది, మొదలుపెట్టమని తరిమేవారు ఉండరు, మధ్యలో విసుగు పుడుతుంది. ఇది సోమరితనం కాదని మీ డాక్టరు చెప్పే ఉంటారు. డబ్బు లెక్కల్లో కూడా దాన్ని సోమరితనంగా చూడకూడదు. కాబట్టి 'ఇకనుంచి క్రమశిక్షణగా ఉంటాను' అనే ప్రణాళిక నాకు వద్దు. ఆ పని మీ చేతుల్లోంచి తప్పించాలి.

షీటుకు ఇంత చొప్పున ఆల్బమ్ డిజైన్ చేసి ఇచ్చేవాళ్లు మీకు తెలిసే ఉంటారు. ఫొటోల ఎంపికతో సహా వాళ్లకే అప్పగించండి. బ్యాంకులో ఉన్న 45 వేలలోంచి 30 వేలు తీసి మొదట రెండు ఆల్బమ్‌లకు పెట్టండి. ఎక్కువ బాకీ ఉన్నవాటిని కాదు, అందరికంటే ముందు పూర్తయ్యే రెండింటిని ఎంచుకోండి. ఆ కుటుంబాలకు ఫోన్ చేసి ఇచ్చే తేదీ చెప్పేయండి. మాట ఇచ్చిన తేదీయే మీకు ముహూర్తం. వచ్చే 80 వేలలో 30 వేలు తర్వాతి రెండు ఆల్బమ్‌లకు, 50 వేలు నేరుగా కార్డుకు. ఇలా తిప్పుతూ పోతే ఏడూ తేలతాయి.

కార్డు విషయం ఎందుకింత తొందర? మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీ అంటేనే ఆలోచిస్తాం, మూడు రూపాయలంటే ఆ గడప తొక్కం. మీరు మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుని, అది అందమైన యాప్‌లో కనిపిస్తోంది కాబట్టి తేలిగ్గా తీసుకుంటున్నారు. లక్షా 60 వేలకు నెలకు 5,600 వడ్డీ, దానిమీద 18 శాతం జీఎస్టీ మరో వెయ్యి. పైగా కనీస మొత్తమే కడుతున్నంతకాలం కొత్తగా కొన్న వస్తువులకు వడ్డీలేని గడువు వర్తించదు, కొన్న రోజునుంచే వడ్డీ పడుతుంది. ఏడాదికి 42 శాతం పోతున్నచోట సిప్ మాట ఎత్తకండి. అంత రాబడి ఖాయంగా ఇచ్చే ఫండ్ ఏదీ లేదు.

పర్సనల్ లోన్ వడ్డీ కార్డుకంటే తక్కువే. అయినా నేను వద్దంటున్నాను. లోన్‌తో కార్డు ఖాళీ అయిన మర్నాడే అందులో లక్షన్నర లిమిట్ మళ్లీ మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మీకు అది మంచిది కాదు. మూడు నెలల్లో ఆల్బమ్‌ల డబ్బు రాకపోతే, మిగిలిన బాకీని అదే బ్యాంకులో వాయిదాలుగా మార్చుకోండి. అలా చేస్తే సాధారణంగా ఆ మేరకు లిమిట్ కూడా మూసుకుపోతుంది, మీకు కావలసింది అదే.

కొత్త పెళ్లిళ్ల ఒప్పందం ఇకపై ఇలా రాసుకోండి: బుకింగ్‌కు 40 శాతం, పెళ్లిరోజున 40 శాతం, ఆల్బమ్ చేతికిచ్చినప్పుడు 20 శాతం. మొత్తం ముందే తీసుకోవద్దు, అప్పుడు ఆల్బమ్ చేయడానికి కారణమే మిగలదు. పెళ్లి అయిన వారంలోపే ఆల్బమ్ ఖర్చును డిజైనరుకు పంపేయండి. కుటుంబం నెలలోగా ఫొటోలు ఎంచకపోతే స్టూడియోనే ఎంచుతుందనే షరతు కూడా పెట్టండి. ఆలస్యం ఎప్పుడూ మీవైపునుంచే ఉండదని మీకూ తెలుసు.

ఇప్పుడు హాబీల సంగతి. మీ ఇంటావిడ కోపం అర్థం చేసుకోదగినదే, కానీ అన్నీ అమ్మేయమనడం నాకు నచ్చలేదు. సయనోటైప్‌కు కావలసింది రెండు ఇనుప లవణాలు, కాగితం, నీళ్లు, ఎండ. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. దక్షిణ తెలంగాణలో ఎండకు కొరత లేదు, దానికి బిల్లు రాదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో స్తంభం నీడ కదలకుండా శివలింగం వెనుక నిలిచే దృశ్యాన్ని ఫిల్ముమీద పట్టుకోవడానికి ఒక ఆదివారం వెచ్చిస్తే పెట్రోలు తప్ప ఖర్చేముంది? మీ హాబీల్లో డబ్బు పోతున్నది తీయడంలో కాదు, కొనడంలో. కొత్తదాని గురించి అర్ధరాత్రి వరకు చదివి, తెల్లారేలోగా ఆర్డరు పెట్టి, పార్సిల్ వచ్చేసరికి ఉత్సాహం చల్లారిన వస్తువులు ఎన్ని ఉన్నాయో ఒక కాగితంమీద రాయండి. అమ్మాల్సిన జాబితా అదే.

అందులో మొదటిది ఆ పెద్ద లెన్సు. అమ్మిన డబ్బుతో వాయిదాలు ముందుగా ముగించడానికి ఎంత కట్టాలో ఫైనాన్స్ కంపెనీని అడగండి. కొంత నష్టం వస్తుంది, రానివ్వండి. మళ్లీ సాగర్‌కో, మల్లెలతీర్థం అడవికో వెళ్లాలనిపించినప్పుడు హైదరాబాద్‌లో రోజు అద్దెకు లెన్సులు దొరుకుతాయి. ఫిల్ము కెమెరాలు ఉంచుకోండి.

హాబీకి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. నెలకు 3,000 దానంతట అది జమ కావాలి. అందులో ఉన్నంతవరకు మిమ్మల్ని ఎవరూ అడగకూడదు, మీ భార్య కూడా. అయిపోతే వచ్చే నెలే. షాపింగ్ యాప్‌లన్నిటిలోనూ దాచిపెట్టిన కార్డు వివరాలు తొలగించండి. కార్డుకు ఆన్‌లైన్ వాడకాన్ని ఆపే, పరిమితి పెట్టే వీలు 2020 నుంచి ప్రతి బ్యాంకూ ఇవ్వాలి. మీ యాప్‌లోకి వెళ్లి ఆన్‌లైన్ వాడకాన్ని ఇవాళే ఆపేయండి. కావాలనుకున్నప్పుడు తెరవచ్చు, కానీ తెరవడానికి పట్టే ఆ రెండు నిమిషాలే మీకు రక్ష. దయచేసి మీ భార్యను మాత్రం కాపలాదారుగా నియమించకండి. వారానికోసారి ఇద్దరూ కూర్చుని ఖాతాలు చూడండి, అంతవరకే.

పెళ్లి డబ్బంతా ఒకే ఖాతాలో పడనివ్వండి. అక్కడినుంచి ఒకటో తారీఖున 35 వేలు జీతంలా ఇంటి ఖాతాకు వెళ్లేలా బ్యాంకుకు చెప్పండి. వైశాఖంలో ఎంత వచ్చినా అంతే, ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢం వచ్చినా అంతే. డాక్టరు ఫీజు, మందులు ఇంటి ఖాతాలో ముందు వరుసలో ఉండాలి. డబ్బు సర్దడానికి మందులు మానేయడం ఈ ప్రణాళిక మొత్తాన్ని చెడగొడుతుంది.

చీటీ వద్దు. నెలనెలా ఖాయంగా కట్టగలిగినవారికి రిజిస్టరైన చీటీ పనికొస్తుంది. మీకు మూఢం నెలల్లో వాయిదా తప్పుతుంది, పైగా మొదటి నెలల్లోనే పాట పాడేయాలనిపిస్తుంది. బావమరిదికి ఈ కారణమే చెప్పండి, నొచ్చుకోరు.

రిటర్నుల మాట. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడదు కాబట్టి ఇకపై మీకు పెద్ద భారమేమీ ఉండదు. అయినా రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే 5,000 వరకు రుసుము ఉంది, రేపు ఇంటి రుణానికి వెళ్తే బ్యాంకు మొదట అడిగేది రిటర్నులే. పాత రెండేళ్లవి ఆడిటరుకు అప్పగించండి. వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు.

ఆరోగ్య బీమా గురించి మీరు రాయలేదంటే లేదనే అనుకుంటున్నాను. కార్డు బాకీ తీరకముందే దంపతులిద్దరికీ తీసుకోండి. దరఖాస్తులో ఏడీహెచ్‌డీని, వాడే మందులను దాచకండి, దాస్తే రేపు క్లెయిము దగ్గర ఇబ్బంది. మానసిక అనారోగ్యానికి కూడా శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఒక కంపెనీ కాదంటే కారణం రాతపూర్వకంగా అడిగి, మరో కంపెనీకి వెళ్లండి.

మొదటి రెండు ఆల్బమ్‌ల డబ్బు అందాక కార్డు తాజా స్టేట్‌మెంట్‌తో మళ్లీ రాయండి. లెన్సు ఎంతకు అమ్ముడుపోయిందో కూడా చెప్పండి. సిప్ ఎప్పుడు, ఎంతతో మొదలుపెట్టాలో అప్పుడు చూద్దాం.