కట్టుడు పళ్ళ ప్రింటింగ్: సపోర్టు ఏ వైపు పెట్టాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం రెజిన్ ప్రింటర్‌తో (ద్రవ రెజిన్‌ను వెలుగుతో పొర మీద పొరగా గట్టిపరిచే యంత్రం) పళ్ళసెట్టు పళ్ళు తయారుచేసేవాళ్ళవి. ఫైల్ తయారీ, సపోర్టులు (ప్రింటయ్యేటప్పుడు వస్తువును పట్టి ఉంచే సన్నటి ఊతలు), కడగడం గురించి అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పైదవడ పళ్ళు పద్నాలుగూ కలిపి ఒకే వరుసగా ప్రింటు చేస్తున్నాం సార్. స్లైసర్‌లో (ఫైల్‌ను పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) ఆటో సపోర్టు నొక్కితే సపోర్టులు అదే పెట్టేస్తుంది. అవి ఊడదీసి నున్నగా రుద్దేసరికి దవడపళ్ళ మొనలు అరిగిపోతున్నాయి. ఆర్టిక్యులేటర్ (దవడల కదలికను చూపే పరికరం) మీద పెడితే బైట్, అంటే పై, కింది పళ్ళ కలయిక, కుదరడం లేదు. తప్పు ఎక్కడుంది?
– ల్యాబ్ టెక్నీషియన్, కావలి

జవాబు: తప్పు రుద్దడంలో లేదు, సపోర్టు పెట్టిన చోటులో ఉంది. ఆటో సపోర్టుకు పన్నంటే ఏమిటో తెలియదు. ఏ ముఖం గాల్లో వేలాడుతోందో అదొక్కటే దానికి కనిపిస్తుంది. నోట్లో ఏ ముఖం ఏ పని చేస్తుందో తెలిసింది మీకు. నమిలే ముఖం మీద, కొరికే అంచు మీద ఒక్క సపోర్టు కూడా ఉండకూడదు. పెదవి, బుగ్గ వైపు ముఖం నవ్వితే బయటపడుతుంది కనుక అక్కడా వద్దు. నాలుక వైపు తప్పనిసరైతే ఒకటో రెండో పెట్టుకోవచ్చు. ఇక మిగిలింది మెడ అడుగు. అది చిగురు రంగు అడుగు భాగమైన బేస్‌లోని గుంటలో కూర్చుని శాశ్వతంగా మూసుకుపోయే భాగం. సపోర్టులన్నీ అక్కడికే పోవాలి.

అందుకు ముందు ఫైల్‌ని సరిగ్గా తిప్పుకోవాలి. ఈ ప్రింటర్లలో వస్తువు పైనున్న ప్లేటుకు తలకిందులుగా వేలాడుతూ పెరుగుతుంది. అందువల్ల మెడలు ప్లేటు వైపు, నమిలే ముఖం రెజిన్ ట్యాంకు అడుగునున్న పల్చటి ఫిల్మ్ వైపు ఉండాలి. స్లైసర్ తెర మీద మాత్రం మెడలు కిందికి, మొనలు పైకి కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది తికమకపడతారు. వరుసను పడుకోబెట్టినట్టే ఉంచండి. 10 నుంచి 15 డిగ్రీల వాలు ఇచ్చినా ఇబ్బంది లేదు. అయితే వాలు ఇచ్చాక ముందుపళ్ళ బయటి ముఖం మీద స్లైసర్ ‘ఇక్కడ సపోర్టు కావాలి’ అన్నట్టు ఎర్రరంగు చూపిస్తే వాలు ఎక్కువైందని అర్థం, తగ్గించండి.

కొందరు ప్లేటు మీద ఎక్కువ సెట్లు పడతాయని వరుసను నిలబెడతారు. అప్పుడు కుడి, ఎడమ దవడపళ్ళు రెండు కాళ్ళలా విడివిడిగా పెరిగి, చివర్న ముందుపళ్ళ దగ్గర కలుస్తాయి. ఆ కాళ్ళలో ఒకటి కాస్త వంగినా సరిగ్గా ముందుపళ్ళ నడుమ, అందరికీ కనిపించే చోటే మెట్టు పడుతుంది. పైగా టైమ్ కూడా ఎక్కువ. స్క్రీన్‌తో పొరంతా ఒకేసారి గట్టిపరిచే ఈ ప్రింటర్లలో సమయం ఎత్తును బట్టే ఉంటుంది, ప్లేటు మీద ఎన్ని సెట్లున్నా ఒకటే. పడుకోబెడితే పళ్ళు 12, సపోర్టు 5, మొత్తం 17 మిల్లీమీటర్లు. 50 మైక్రాన్ల (0.05 మిల్లీమీటర్ల) పొరలో 340 పొరలు, పొరకు 10 సెకన్ల చొప్పున గంటలోపు అయిపోతుంది. నిలబెడితే 55 మిల్లీమీటర్లు, 1100 పొరలు, మూడు గంటలు.

ఇక లెక్క. ముందుపళ్ళకు, చిన్న దవడపళ్ళకు ఒక్కోదానికి 3, పెద్ద దవడపళ్ళకు 5. పద్నాలుగు పళ్ళకు మొత్తం 50 సపోర్టులు అవుతాయి. పన్నును తాకే కొస 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. చిగురు గీత నుంచి కనీసం 1 మిల్లీమీటరు లోపలికి పెట్టండి. అంచు మీద పెడితే ఊడదీసేటప్పుడు అంచే పెళ్ళ లేస్తుంది, ఆ గాటు చిగురు రంగు పక్కన నల్లగీతలా కనిపిస్తుంది. ప్లేటు నుంచి 5 మిల్లీమీటర్ల ఎత్తు వదలండి, లేకపోతే కట్టర్ దూరదు.

ఊడదీసేటప్పుడు చేత్తో విరవకండి. విరిస్తే కొసతోపాటు పన్ను ముక్క కూడా వచ్చి గుంట పడుతుంది. పన్నుకు 1 మిల్లీమీటరు దూరంలో కట్టర్‌తో కత్తిరించి, మిగిలిన మొటికను కార్బైడ్ బర్‌తో (అరగదీసే చిన్న పరికరం) తక్కువ స్పీడులో తీసేయండి.

ప్రశ్న: వరుసలో మిగతా పళ్ళన్నీ బాగా వస్తున్నాయి, ఒకటి రెండు మాత్రం అసలు రావడం లేదు, లేదా సగం నుంచి మొదలవుతున్నాయి. ట్యాంకు అడుగున పల్చటి బిళ్ళ అంటుకుని కనిపిస్తోంది.
– ల్యాబ్ యజమాని, ఒంగోలు

జవాబు: రాని పన్ను ఆ బిళ్ళే. స్లైసర్‌లో మెడలు కిందికి పెట్టి ప్రింటు చేసినప్పుడు ప్రతి పన్ను మెడా విడిగానే మొదలవుతుంది. పక్క పన్నుతో కలిసేది కొన్ని మిల్లీమీటర్లు పెరిగిన తర్వాతే. అంతవరకు ఏ పన్నుకు ఆ పన్ను ఒంటరి దీవి. దాని అన్నింటికన్నా కింది బిందువు దగ్గర సపోర్టు లేకపోతే మొదటి పొర పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఫిల్మ్‌కే అంటుకుని ఉండిపోతుంది. అరటి గెల బరువెక్కాక ఊత వేస్తాం, ఇక్కడ మాత్రం మొదటి పొరకే ఊత ఉండాలి.

స్లైస్ చేశాక పక్కనున్న స్లైడర్‌ను కింది నుంచి ఒక్కో పొర చొప్పున పైకి జరపండి. నల్లతెర మీద కొత్తగా తెల్లచుక్క పుట్టిన ప్రతిసారీ ఆగి, దాని కింది పొరలో సపోర్టు చుక్క ఉందో లేదో చూడండి. ఐలాండ్‌లు వెతికే బటన్ ఉన్నా, పళ్ళ ఫైల్‌కు ఈ పని కళ్ళతో చేయడమే మేలు. ఐదు నిమిషాలకు మించదు.

ఆ బిళ్ళను తీయకుండా మళ్ళీ ప్రింటు మొదలుపెట్టొద్దు. ప్లేటు దిగినప్పుడు అది ఫిల్మ్‌ని, కింద ఉన్న స్క్రీన్‌ని నొక్కి పాడుచేస్తుంది. రెజిన్ వడగట్టి, ప్లాస్టిక్ గరిటెతో మెల్లగా లేపండి. ఇనుప పరికరం వద్దు.

ప్రశ్న: పళ్ళు బాగున్నాయి, బేస్ బాగుంది. కానీ పళ్ళు గుంటల్లో పూర్తిగా దిగడం లేదు. నొక్కి అతికిస్తే బైట్ ఎత్తుగా వస్తోంది. డిజైన్‌లో పన్నుకూ గుంటకూ మధ్య గ్యాప్ 0.1 మిల్లీమీటరు ఇచ్చాం, పెంచాలా?
– డెంటల్ డిజైనర్, నెల్లూరు

జవాబు: గ్యాప్ పెంచకండి, ముందు ఎక్కడ తగులుతోందో చూడండి. ఆర్టిక్యులేటింగ్ పేపర్ (తగిలిన చోట రంగు అంటించే కాగితం) ముక్కను గుంటలో పెట్టి పన్నును నొక్కి తీయండి. మరకే జవాబు చెబుతుంది.

మరక చుక్కలు చుక్కలుగా మెడ అడుగున పడితే అవి సపోర్టు మొటికలు. పైన చెప్పినట్టు మెడ అడుగున సపోర్టు పెట్టడానికి మనం కట్టే సుంకం ఇదే. కనిపించని భాగమని వదిలేస్తే పావు మిల్లీమీటరు మొటిక పన్నునంతా పావు మిల్లీమీటరు లేపుతుంది.

మెడ అడుగంతా సమానంగా మరక పడితే కారణం వేరు. 50 మైక్రాన్ల పొరను గట్టిపరచడానికి వేసే వెలుగు 50 మైక్రాన్ల దగ్గరే ఆగిపోదు, ఇంకా లోపలికి పోతుంది. ప్లేటు వైపు చూసే ముఖాల వెనక పచ్చి రెజిన్ ఉంటుంది, అదీ కొంత గట్టిపడి ముఖం మందమవుతుంది. మన పద్ధతిలో ప్లేటు వైపు చూసేది మెడ అడుగే! పళ్ళ ఎక్స్‌పోజర్ సెకన్లు (ఒక్కో పొర మీద వెలుగు వేసే సమయం) అవసరానికి మించి ఉంటే ఈ మందం ఇంకా పెరుగుతుంది. రెజిన్ కంపెనీ మీ ప్రింటర్‌కు చెప్పిన సెకన్లకు తగ్గించండి. స్లైసర్‌లో జడ్ కాంపెన్సేషన్ (ఈ మందాన్ని ముందే తగ్గించే సెట్టింగు) ఉంటే వాడండి.

పక్కగోడల మీద మరక పడితే అప్పుడు గ్యాప్ సంగతి. అది కూడా ఊహతో మార్చొద్దు. ఒక చిన్న దిమ్మలో ఒకే పన్నుకు నాలుగు గుంటలు తీయండి: 0.05, 0.10, 0.15, 0.20 మిల్లీమీటర్ల గ్యాప్‌తో. దిమ్మను బేస్ రెజిన్‌లో, పన్నును పన్ను రెజిన్‌లో, అసలు పని ఏ కోణంలో చేస్తారో అదే కోణంలో ప్రింటు చేయండి. నొక్కకుండా దిగి, అటూ ఇటూ ఆడని గుంట ఏదో అదే మీ గ్యాప్. రెజిన్ సీసా బ్రాండ్ మారినప్పుడల్లా ఈ పరీక్ష మళ్ళీ చేయాలి.

ఇంకొకటి. గుంటల మూలల్లో కడగని రెజిన్ మిగిలి క్యూరింగ్‌లో (కడిగాక వెలుగులో పెట్టి పూర్తిగా గట్టిపరచడం) గట్టిపడటం చాలా చోట్ల జరుగుతోంది. మెత్తటి బ్రష్ పెట్టి ఒక్కో గుంటనూ విడిగా తోమండి. అతికించడం ఎప్పుడన్నది కూడా చూసుకోండి. కొన్ని రెజిన్లలో పళ్ళను, బేస్‌ను చివరి క్యూరింగ్‌కు ముందే, పచ్చి బేస్ రెజిన్‌తో అతికించి, రెండింటినీ కలిపి క్యూర్ చేయమంటారు. పూర్తిగా క్యూర్ అయిన ముఖాలు అంత గట్టిగా పట్టవు, ఆర్నెల్లకు పన్ను ఊడిందని పేషెంటు తిరిగొస్తారు. సీసాతో వచ్చిన సూచనల కాగితం ఏ క్రమం చెబితే అదే.

ప్రశ్న: డిజైన్ చేసి ఎస్‌టీఎల్ ఫైల్ పంపితే, ప్రింటు చేసేవాళ్ళు ‘మెష్ బాగాలేదు’ అని వెనక్కి పంపుతున్నారు. నా తెర మీద పళ్ళు బాగానే కనిపిస్తున్నాయి.
– బీడీఎస్ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: ఎస్‌టీఎల్ అంటే త్రిభుజాల మూట, అమ్మా. ఆ త్రిభుజాల అల్లికనే మెష్ అంటారు. అందులో పన్ను లోపల ఏది, బయట ఏది అని విడిగా రాసి ఉండదు. త్రిభుజాలు ఎక్కడా సందు లేకుండా మూసుకుని, అన్నీ బయటి వైపే చూస్తుంటేనే స్లైసర్‌కు అది గట్టి వస్తువు. నాలుగు విషయాలు చూసి పంపండి.

మొదట రంధ్రాలు, తిరగబడిన త్రిభుజాలు. ఏ మెష్ రిపేర్ ప్రోగ్రాం అయినా వీటిని చూపిస్తుంది. అయితే మొత్తం మెష్‌ను కొత్తగా అల్లే ‘మేక్ సాలిడ్’ వంటి బటన్‌ను తక్కువ రిజల్యూషన్‌లో నొక్కొద్దు. రంధ్రాలు పోతాయి, వాటితోపాటు దవడపళ్ళ గాడులూ మొనలూ గుండ్రబడిపోతాయి. మొత్తానికి స్మూతింగ్ కొట్టినా ఇదే నష్టం.

రెండోది పళ్ళ మధ్య కలిసే చోటు. పద్నాలుగు పళ్ళు పద్నాలుగు విడి గుల్లలుగా ఒకదానిలో ఒకటి దూరి ఉంటే, కొన్ని స్లైసర్లు ఆ దూరిన భాగాన్ని ఖాళీగా లెక్కేస్తాయి. లోపల బుడగలా పచ్చి రెజిన్ మిగులుతుంది. బూలియన్ యూనియన్ చేసి ఒకే గుల్లగా మార్చండి. పళ్ళ మధ్య 0.02 మిల్లీమీటర్ల సందు వదిలారనుకోండి, 50 మైక్రాన్ల పిక్సెల్ దాన్ని చూపలేదు; అక్కడ అరకొరగా అతుక్కుని తర్వాత పగులుతుంది. కలపదలిస్తే 0.2 దాకా లోపలికి దూర్చి కలపండి, లేదా బాగా విడదీయండి.

మూడు, కొలత. ఎస్‌టీఎల్‌లో మిల్లీమీటరా అంగుళమా అన్నది ఉండదు. తెరిచాక పై ముందుపన్ను వెడల్పు కొలవండి. సుమారు 8.5 రావాలి. 0.33 వస్తే ఎక్కడో అంగుళాల్లో సేవ్ అయింది, 25.4 రెట్లు పెంచాలి. నాలుగోది, పళ్ళను ‘హాలో’ చేయొద్దు. బొమ్మలకు రెజిన్ ఆదా చేయడానికి వాడే పద్ధతి అది, నమిలే పన్ను లోపల గుల్ల పనికిరాదు.

ప్రశ్న: చలికాలంలో బాగా వచ్చిన సెట్టింగులే ఎండాకాలంలో చెడిపోతున్నాయి. పళ్ళ మీద తెల్లటి బూడిద పొర కూడా వస్తోంది.
– ల్యాబ్ టెక్నీషియన్, సింగరాయకొండ

జవాబు: రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో రెజిన్ 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడికి అది పల్చబడుతుంది, గట్టిపడే చర్య త్వరగా జరుగుతుంది, అంచులు లావెక్కుతాయి. గదిని 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచి, ఆ వేడిలోనే సెట్టింగులు కుదుర్చుకోండి. పల్చబడిన రెజిన్‌లో రంగు, ఫిల్లర్ పొడి తొందరగా అడుగుకు చేరతాయి. సీసాను రెండు నిమిషాలు కుదిపి పోయండి, ప్రతి ప్రింటుకు ముందు ట్యాంకులో కలపండి. లేకపోతే ఒకే సెట్టులో రెండు షేడ్‌లు వస్తాయి.

తెల్లపొర ప్రింటును కడిగే ఆల్కహాల్ వల్ల. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గాలిలో తేమను లాక్కుంటుంది, సముద్రపు ఒడ్డు ఊళ్ళలో మూత తీసి ఉంచితే ఇంకా త్వరగా. మొదటి డబ్బాలో 3 నిమిషాలు, శుభ్రమైన రెండో డబ్బాలో 2 నిమిషాలు కడగండి. అంతకుమించి నానబెడితే పన్ను ఉబ్బి పగుళ్ళు వస్తాయి. ఆ తర్వాత కనీసం 30 నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు క్యూరింగ్‌లో పెట్టండి. తడి మీద వెలుగు పడితేనే తెల్లబడేది.

ఈ ఆల్కహాల్ డబ్బాను వ్యాక్స్ కరిగించే స్పిరిట్ దీపం ఉన్న బల్ల మీద, ఆ గదిలో కూడా పెట్టకండి. దాని ఆవిరి నేల మీదుగా పాకి మంట అందుకుంటుంది. పళ్ళసెట్ల ల్యాబ్‌లో రెండూ రోజూ వాడేవే కనుక ఇది మరీ మరీ చెబుతున్నాం.

ప్రశ్న: ప్రింటు మధ్యలో కరెంటు పోతే, వచ్చాక కొనసాగించవచ్చా?
– కోవూరు

జవాబు: దవడ మోడల్ అయితే సరే. పళ్ళు అయితే వద్దు. ఆగిన పొర దగ్గర గీత పడుతుంది, నమిలేటప్పుడు అక్కడే విరుగుతుంది. యూపీఎస్ పెట్టుకోండి.

ప్రశ్న: మా అత్తగారి పళ్ళసెట్టులో ముందుపన్ను విరిగింది. మా అబ్బాయి దగ్గర బొమ్మలు చేసే రెజిన్ ప్రింటర్ ఉంది. ఆ పన్ను వాడే చేసిస్తానంటున్నాడు. చేయించవచ్చా?
– గృహిణి, చీమకుర్తి

జవాబు: వద్దమ్మా. ప్రింటర్‌తో ఇబ్బంది లేదు, సీసాలోని రెజిన్‌తోనే ఇబ్బంది. బొమ్మల రెజిన్‌లో గట్టిపడకుండా మిగిలిన రసాయనం లాలాజలంలోకి దిగుతూ ఉంటుంది, నోట్లో మంట, అలర్జీ తేవచ్చు. నోట్లో ఉంచే పళ్ళకు వేరే రెజిన్ ఉంటుంది. సీసా మీద పళ్ళసెట్టు పళ్ళకని రాసి ఉండాలి, క్యూరింగ్ కూడా ఆ కంపెనీ చెప్పినట్టే జరగాలి. బాబుకు అంత ఆసక్తి ఉంటే ఆ పన్ను నమూనా చేసి బల్ల మీద పెట్టుకోమనండి, నోట్లోకి మాత్రం వద్దు.

విరిగిన ముక్కను సూపర్ గ్లూతో అతికించకండి. అతుకు కాస్త వంకరపోయినా డాక్టరుగారు మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టలేరు. ముక్క దొరికితే సెట్టుతోపాటు నీళ్ళున్న డబ్బాలో వేసి తీసుకెళ్ళండి. సెట్టు చేసిన ల్యాబ్ దగ్గర పాత డిజైన్ ఫైల్ ఉంటే ఆ ఒక్క పన్నునే మళ్ళీ ప్రింటు చేసి ఇవ్వగలరు, అత్తగారికి కొత్తగా కొలతలు తీయాల్సిన పని ఉండకపోవచ్చు.